మర్యాదస్తుల బోగీ

మీటింగుకి రానివాళ్ళ నెత్తిన పని పెట్టడం నగోయాలోని ఆ బజారు వీధికి పాత అలవాటు. వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉంటారు, వాళ్ళకి పని చెప్పాలంటే మొహమాటం. రానివాళ్ళతో ఆ ఇబ్బంది లేదు. అందుకే ఆ వీధిలో ఒంట్లో జ్వరమున్నా సరే, మెడకి తువ్వాలు చుట్టుకుని మీటింగుకి వచ్చేస్తారు.

ఆ బుధవారం ఇద్దరు రాలేదు. ఊరగాయల కొట్టు కోహరు తవుడు తొట్టిలో మోచేతులదాకా చేతులు పెట్టి, ఊరుతున్న ముల్లంగి దుంపల్ని తిరగేస్తూ సంగతే మర్చిపోయింది. పరుపుల కొట్టు రియోజి ఒక సత్రానికి పరుపులు దింపడానికి వెళ్ళి వానలో చిక్కుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి సంఘం హాలు గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. గొడుగు ముందు ఎవరు ముడుచుకోవాలో తేలక, రెండు గొడుగులూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయి, లాగబోయి, ఇద్దరూ లోపలికి పడ్డారు.

లోపలున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

"అభినందనలు!" అన్నాడు సంఘం ప్రెసిడెంటు, చేపల కొట్టు తోకుజో తాత. "ఈ ఏడు మన వీధి విహారయాత్ర ఏర్పాట్లన్నీ మీ ఇద్దరివే."

"మమ్మల్ని అడగకుండానే?" అంది కోహరు, మొహం మీది వాన తుడుచుకుంటూ.

"అడుగుదామనే చూశాం. మీరు లేరు."

ఈసారి యాత్ర రాత్రి రైల్లో. ఆ దేశంలో వేసవి వానలతోనే మొదలవుతుంది, ఆ వేసవి కోసం ప్రత్యేకంగా వేసిన రైలు. పడుకునే బోగీ ఒకటి వీధి పేరు మీద అట్టేపెట్టించారు. సాయంత్రం ఎక్కి, పొద్దు ఉండగానే కిసో లోయ చూసుకుంటూ వెళ్ళి, తెల్లారేసరికి షినానో కొండల్లో సరస్సుల పక్కన కళ్ళు తెరవడం. ఒకటే షరతు. పదిహేను మందికి తగ్గితే బోగీ ఇవ్వరు.

"తగ్గడమేంటి, ఎక్కువైపోతారేమో చూసుకోండి," అన్నాడు తోకుజో తాత ధీమాగా.

కోహరు కొట్టు వీధికి ఆ చివర, రియోజి కొట్టు ఈ చివర. పుట్టి పెరిగింది ఒకే వీధిలోనైనా, "బాగా ఉక్కగా ఉంది కదండీ" అనే మాట దాటి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మెట్లు దిగుతూ రియోజి ఇరుక్కున్న గొడుగుల్ని విడదీసి, ఆమెది ఆమె చేతికిచ్చాడు. దానికి ఒక ఊచ విరిగిపోయి ఉంది.

"మీ వల్లే," అంది కోహరు.

"మీ గొడుగే నా గొడుగులోకి వచ్చిందండీ. కావాలంటే వానని అడగండి," అన్నాడు రియోజి.

ముప్పయ్యేళ్ళు దగ్గర పడుతున్న మనిషి ఇలా కూడా మాట్లాడతాడా అనుకుంది కోహరు. ఇంటికి వెళ్ళేదాకా కోపంగానే ఉంది. ఇంటికి వెళ్ళాక ఎందుకో నవ్వొచ్చింది.

శనివారం పొద్దున్న ఇద్దరూ సుమియె పిన్ని కాఫీ కొట్టులో కూర్చున్నారు. కాఫీతో పాటు వచ్చిన టోస్టు మీద తియ్యటి ఎర్రచిక్కుళ్ళ ముద్ద రాసుకుంటూ రియోజి ఒక పెద్ద కాగితం పరిచాడు. బోగీ బొమ్మ గీసుకొచ్చాడు.

"ముందు పడకల సంగతి తేల్చుకుందాం."

"ముందు తిండి సంగతి," అంది కోహరు.

"రాత్రంతా పడుకోవలసింది పడక మీదండీ."

"ఆకలితో పడుకుని చూడండి, అప్పుడు పడక గొప్పదో తిండి గొప్పదో తెలుస్తుంది."

రియోజి వినిపించుకోలేదు. "తోకుజో తాత గురక పెడతారు, ఆయన్ని తలుపు దగ్గర పడేద్దాం. టీ కొట్టు ఉమెనో మామ్మకి కింది బెర్తు. నిద్రలో కాళ్ళు తంతుంది కాబట్టి పక్కన గోడ ఉండాలి."

"ఎవరెలా పడుకుంటారో మీకెలా తెలుసు?"

"డాక్టరు దగ్గరైనా దాస్తారు గానీ, పరుపులవాడి దగ్గర ఎవరూ ఏమీ దాచరు."

"అయితే నేనెలా పడుకుంటానో కూడా తెలుసేమిటి?" అనేసి కోహరు నాలుక కరుచుకుంది.

రియోజి చాలా సీరియస్‌గా మొహం పెట్టాడు. "తెలీదు. ఎందుకంటే మీరు పరుపు మా కొట్లో కొనలేదు. పక్కవీధిలో కొన్నారు. చుట్ట చుట్టి చంకన పెట్టుకుని మా గుమ్మం ముందునుంచే తీసుకెళ్ళారు. అది నేను మర్చిపోలేదు."

గ్లాసులు తుడుస్తున్న సుమియె పిన్ని అటు తిరిగి నవ్వుకుంది.

వీధిలో వాళ్ళని అడిగి రావడం కోహరు పని. సరస్సు ఎడమవైపు వస్తుంది, మరి ఎవరికి ఎటువైపు బెర్తు కావాలి? కొట్టు కొట్టుకీ తిరిగి అడిగింది. అందరిదీ ఒకటే జవాబు.

"అందరూ ఎక్కడైనా పర్లేదంటున్నారండీ. ఇలాగైతే ఎలా?" అంది మరుసటి శనివారం, తల పట్టుకుని.

"ఎన్నిసార్లు అన్నారు?"

"అంటే?"

"ఒకసారి ‘పర్లేదు’ అంటే నిజంగానే పర్లేదు. రెండుసార్లు అంటే ఎడమ కిటికీ కావాలి. మూడుసార్లు అంటే ఎడమ కిటికీ, కింది బెర్తు, గురక పెట్టేవాళ్ళు కనుచూపు మేరలో ఉండకూడదు."

కోహరు గుర్తుచేసుకుంది. ఉమెనో మామ్మ మూడుసార్లు అంది. చేయి కూడా ఊపింది.

"చేయి కూడా ఊపిందా? అయితే దిండు కూడా మెత్తగా ఉండాలి," అన్నాడు రియోజి. ఈసారి కోహరు టేబులు మీద తల పెట్టుకుని నవ్వింది.

అలా శనివారాలు గడిచాయి. అతను పడకలంటే, ఆమె రొయ్యల అన్నం ముద్దలంటుంది. ఆమె నాలుగు రకాల ఊరగాయలంటే, అతను రైల్లో కిటికీలు తెరుచుకోవని గుర్తుచేస్తాడు. తవుడు వాసన వస్తుందేమోనని ఆమె చేతులు టేబులు కింద దాచుకోవడం ఒక రోజు అతను చూశాడు.

"చేతులు పైన పెట్టండి. ఆ వాసనకి నాకు ఆకలేస్తుంది," అన్నాడు.

సరదాకే అన్నాడో, నిజంగానే అన్నాడో తెలీదు. కోహరుకి మాత్రం అక్కడితో పని అయిపోయింది. ఆమె అతన్ని ప్రేమించింది. తవుడు తొట్టిని రోజూ కలియబెట్టాలి కాబట్టి పెద్దయ్యాక ఒక్క రాత్రి కూడా ఊరు దాటి ఉండని మనిషి, ఇప్పుడు యాత్రకి ఎన్నాళ్ళుందా అని కేలెండరు వంక చూస్తోంది.

ఆ సంతోషం మీద సుమియె పిన్ని తెలియకుండానే నీళ్ళు పోసింది. "రియోజి వాళ్ళ నాన్న కొట్టు మూసేస్తున్నాడట కదా. ఎక్కడో ఉత్తరాన సెండాయ్‌లో ఉన్న పెదనాన్న తన పరుపుల ఫ్యాక్టరీకి రమ్మంటున్నాడట. యాత్ర అయ్యాక ఏ సంగతీ చెప్తానన్నాడట అబ్బాయి. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. అడిగే ధైర్యం కోహరుకి లేదు. అడిగితే, "మీకెందుకండీ?" అంటాడు. అప్పుడు ఎందుకో చెప్పాలి.

ఆ రాత్రే నిర్ణయించుకుంది. రైల్లో చెప్పేయాలి. తెల్లారగానే, అతను సెండాయ్‌కి సరే అనకముందే, సరస్సు పక్కనుంచి వెళ్తున్నప్పుడు చెప్పాలి. అప్పుడు చెప్పలేకపోతే ఇక జన్మలో చెప్పలేదు. కొట్లో ఎవరూ లేనప్పుడు తొట్టిలోని ముల్లంగి దుంపకి చెప్పి చూసుకుంది. "నాకు మీరంటే ఇష్టం." దుంప ఏమీ అనలేదు. గొంతు బాగా రాలేదనిపించి, వంకాయకి మళ్ళీ చెప్పింది.

అప్పుడు మొదలైంది గొడవ.

మొదట తోకుజో తాత వచ్చాడు. చేతిలో మిఠాయి పెట్టె, క్షమాపణ చెప్పడానికి వచ్చేవాళ్ళు ఆ వీధిలో వట్టి చేతులతో రారు. "అమ్మాయ్, ఏమీ అనుకోకు. నడుము పట్టేసింది. యాత్రకి రాలేను." అంటూనే కొట్టు ముందు అడ్డంగా ఉన్న ఐసు డబ్బాని ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు సుమియె పిన్ని వచ్చింది. ఆవిడ చేతిలోనూ మిఠాయి పెట్టే. "మా పిల్లికి ఒంట్లో బాగోలేదమ్మా."

సుమియె పిన్నికి పిల్లి లేదు. మర్యాద తెలిసినవాళ్ళు ఇలాంటి చోట "ఏ పిల్లి?" అని అడగరు. కోహరు మర్యాద తెలిసిన పిల్ల. "త్వరగా నయమవ్వాలి పాపం," అంది.

ఆ తర్వాత ఉమెనో మామ్మ. "వానాకాలం. టీ ఆకు చెమ్మగిల్లుతుంది. నేను దగ్గరుండాలి," అంది. ఆకు డబ్బాల్లో ఉంటుంది, వాటికి మూతలూ ఉంటాయి. కోహరు తలూపింది.

ఆ వారమంతా వస్తూనే ఉన్నారు, మిఠాయి పెట్టెలు తెస్తూనే ఉన్నారు. కోహరు వాళ్ళ నాన్న కొట్లో ఊరగాయ జాడీలు జరిపి పెట్టెలకి చోటు చేయాల్సి వచ్చింది. శనివారానికి యాత్రకి మిగిలింది వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. బోగీ చేజారిపోతోంది, దానితో పాటు ఆమె చెప్పాలనుకున్న మాట కూడా.

కాఫీ కొట్టులోకి వెళ్ళబుద్ధి కాలేదు ఇద్దరికీ. వాన పడుతుంటే చూరు కింద నిలబడ్డారు.

"తెల్లారగట్ల నాలుగు రకాల ఊరగాయలు తినమంటే ఎవరొస్తారండీ?" అన్నాడు రియోజి. వేళాకోళంగానే అనబోయాడు గానీ, గొంతులో విసుగు దాగలేదు.

కోహరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఉమెనో మామ్మ మొహం మీదే ‘మీరు కాళ్ళు తంతారు’ అన్నది నేనా? తాతని తలుపు దగ్గర పడేసింది నేనా? మనుషుల్ని పరుపుల్లా సర్దితే వస్తారా ఎవరైనా?"

 రియోజి మొహంలో నవ్వు లేకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం.

"నిజమే అయ్యుంటుంది," అన్నాడు. "నేను తప్పుకుంటాను. నేను లేకపోతే వాళ్ళంతా మళ్ళీ వస్తారు. యాత్రయినా జరుగుతుంది."

వీధి కోసమే అన్నాడతను. కోహరుకి మాత్రం ఇంకోలా వినిపించింది. నాతో రైలెక్కడం అతనికి ఇష్టం లేదు. సెండాయ్ ఖాయం చేసుకున్నాడు.

"మీకా శ్రమ అక్కర్లేదు. నేనే తప్పుకుంటాను," అని వానలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న తోకుజో తాత బల్ల మీద రెండు మిఠాయి పెట్టెలున్నాయి. ఒకటి కోహరు ఇచ్చి వెళ్ళింది, ఇంకోటి రియోజి. ఇద్దరూ క్షమించమన్నారు, ఇద్దరూ యాత్రకి రామన్నారు. తాత ఆ రెండు పెట్టెల మధ్యా కూర్చుని మింగలేక కక్కలేక సాయంత్రానికి మీటింగు పెట్టాడు.

ఆ మీటింగుకి రియోజి ఒక్కడు తప్ప అందరూ వచ్చారు. కోహరు ముందుకెళ్ళి నేల మీద చేతులానించి, నుదురు ఆనేదాకా వంగింది.

"తప్పంతా నాదే. నా ఏర్పాట్లు మీకు నచ్చలేదు. రియోజి గారి తప్పేమీ లేదు, దయచేసి ఆయన్ని ఏమీ అనుకోకండి. నేను రాను కాబట్టి మీరంతా వెళ్ళిరండి."

 ఒకరు పైకప్పు చూశారు, ఇంకొకరు గోళ్ళు చూసుకున్నారు. 

ఉమెనో మామ్మ టీ కప్పు టక్కుమని కింద పెట్టింది. "లేవవే పిల్లా! నీ ఏర్పాట్లకేం, బంగారంలా ఉన్నాయి. ఆ బెర్తు బొమ్మ చూసి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు, ఎప్పుడెక్కుతానా అని. మీ ఇద్దరికీ కాస్త చోటిద్దామని తప్పుకున్నాను. ముసల్దాన్ని ఎదురు బెర్తులో కూర్చుని చూస్తుంటే మీరేం మాట్లాడుకుంటారు?"

కోహరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తోకుజో తాతకి మాత్రం అర్థమైంది.

"నువ్వూ అందుకే తప్పుకున్నావా?"

"మరి నువ్వు? నడుమన్నావు?"

"నా నడుముకేం! నేనొక్కణ్ణి మానేస్తే పిల్లలకి వీలుగా ఉంటుందనుకున్నా."

"నాకు పిల్లే లేదు," అంది సుమియె పిన్ని మూలనుంచి, చిన్న గొంతుతో. "నేనొక్కదాన్నే అనుకున్నా."

ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. అందరూ అందుకే తప్పుకున్నారు. ప్రతివాళ్ళూ తామొక్కరే అనుకున్నారు. ఒకరితో ఒకరు అనుకుంటే పిల్లల్ని అల్లరి పెట్టినట్టు అవుతుందని ఎవరికి వాళ్ళే గుట్టుగా ఉంచారు. అంత మర్యాద కలిసి చివరికి బోగీనే ఖాళీ చేసింది.

"మా ఇద్దరికీ చోటెందుకు?" అంది కోహరు. అడుగుతుండగానే మొహం వేడెక్కిపోయింది.

"ఎందుకా! ఇన్ని శనివారాల నుంచి నా కాఫీ కొట్టు గాజు తలుపు ముందు ఆగకుండా వెళ్ళినవాళ్ళు ఈ వీధిలో ఉన్నారేమో అడుగు," అంది సుమియె పిన్ని.

అప్పుడు చూసింది కోహరు. గుమ్మంలో రియోజి నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. అతనూ క్షమాపణ చెప్పడానికే వచ్చాడు. అంతా విన్నాడు.

ఇక్కడ సరస్సు లేదు, తెల్లవారలేదు. తడి చెప్పుల వాసన, చేపల వాసన, ఎదురుగా వీధి వీధంతా ఉన్నారు. కానీ రైలు ఉంటుందో ఉండదో, ఆ మనిషి రేపు సెండాయ్‌కి ఫోను చేస్తాడో ఏమో. కోహరు లేచి నిలబడింది. 

"రియోజి గారూ, నాకు మీరంటే ఇష్టం. రైల్లో చెబుదామనుకున్నాను. మీరు సెండాయ్ వెళ్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అంతే."

వీధిలో అందరికంటే ఎక్కువ మాట్లాడే రియోజికి నోట మాట రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మెడ దాకా ఎర్రబడ్డాయి.

"నేను... నేను రైల్లో చెప్తాను," అన్నాడు.

"ఇక్కడేం, నోరు పడిపోయిందా?" అంది ఉమెనో మామ్మ.

"ఒక పని చక్కబెట్టుకోవాలి మామ్మా. అది తేలకుండా మాటిస్తే ఆ మాటకి విలువుండదు. రైల్లో తప్పకుండా చెప్తాను," అని కోహరుకి వంగి నమస్కారం పెట్టి, గొడుగు తెరవడం మర్చిపోయి వానలో వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే తప్పుకున్నవాళ్ళందరూ మళ్ళీ పేర్లిచ్చారు. జవాబేంటో వినకుండా ఇంట్లో కూర్చోవడం ఎవరి వల్లా కాలేదు. పక్కవీధి నుంచి కూడా ముగ్గురు వచ్చి, చోటుందా అని అడిగారు.

యాత్ర రోజు సాయంత్రం రైలు కదిలింది. కిసో నది పక్కనే ఉరుకుతుంటే, దేవదారు కొండల మీద నుంచి పొద్దు మెల్లగా జారిపోయింది. రొయ్యల అన్నం ముద్దలు అయిపోయాయి, నాలుగు రకాల ఊరగాయలూ అయిపోయాయి. రియోజి ప్రతి బెర్తు దగ్గరికీ వెళ్ళి దిళ్ళు సర్దాడు. చెప్పవలసిన మాట తప్ప అన్నీ చెప్పాడు. అతను అటు వెళ్ళగానే ఇటు ఎవరో ఒకరు కోహరు పక్కన చేరతారు.

"చెప్పాడా?"

"లేదండీ."

"వెధవ," అని వెళ్ళిపోతారు.

దీపాలు తగ్గించేదాకా అతను చెప్పలేదు. కోహరు బెర్తులో కళ్ళు మూసుకుని పడుకుంది గానీ నిద్ర ఎక్కడ? కాదనేవాడే ఇంత నాన్చుతాడు అనిపించింది. కాదంటే రేపు ఇంతమంది ముందు ఏడవకుండా ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ, ఎప్పుడో కన్నంటింది.

లేచేసరికి తెర చివర్లు తెల్లబడుతున్నాయి. నడవాలోకి వచ్చింది. కిటికీ దగ్గరి చిన్న మడత సీటు మీద రియోజి కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి, సీటు ఆమెకిచ్చి, తాను నిలబడ్డాడు. బయట కొండల పాదాల దగ్గర మంచు పొగలా పాకుతోంది. కిజాకి సరస్సు ఇంకా రాలేదు.

"సెండాయ్ పెదనాన్నకి రానని చెప్పేశాను," అన్నాడు రియోజి. "ఒప్పించడానికి ఇన్నాళ్ళు పట్టింది. నాన్న కొట్టు మూసేయడం ఖాయం. పాత పరుపుల దూది ఏకే మిషను మాత్రం నాకిమ్మన్నాను, సరేనన్నాడు. దాన్ని పెట్టుకోవడానికి చోటు వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు. అదీ సంగతి. కొట్టు లేదు, ఒక మిషనుంది. ఇలాంటివాడు మీకు ఏం పనికొస్తాడని భయం వేసింది. అందుకే ఆ రోజు నోరు రాలేదు."

 కోహరు ఏదో గుర్తొచ్చినట్టు మెల్లగా నవ్వింది.

"మా కొట్టు వెనక గది ఒకటి ఊరికే పడుంది. మొన్న మా నాన్న అందులో జాడీలన్నీ బయటపెట్టి, కడిగి, గోడలకి సున్నం కూడా వేశాడు. ఎందుకు నాన్నా అంటే ‘ఊరికేనమ్మా, దుమ్ముగా ఉంది’ అన్నాడు."

రియోజి ఆ మాట రెండుసార్లు మనసులో తిప్పుకున్నట్టున్నాడు. మొహం విప్పారింది. "మీ నాన్నగారు... నా మిషనుకా?"

"మా నాన్న కూడా మన వీధి మనిషే కదండీ."

"తవుడు పక్కన దూది పెడితే..."

"మధ్యలో తలుపుంది. ఇంతకీ జవాబు చెప్పండి."

"చెప్పానుగా ఇంతసేపూ."

"సెండాయ్ గురించి చెప్పారు, మిషను గురించి చెప్పారు. నేనడిగింది అది కాదు."

రియోజి అటూ ఇటూ చూశాడు. తెరలన్నీ వేసి ఉన్నాయి. బోగీలో చీమ చిటుక్కుమనడం లేదు. రాత్రంతా రైలుని మించి గురక పెట్టిన తోకుజో తాత కూడా ఊపిరి బిగపట్టినట్టున్నాడు. రియోజి వంగి, ఆమె చెవికి మాత్రమే వినపడేలా చెప్పాడు.

"ఇష్టం."

"గట్టిగా చెప్పరా! ఈ చివరున్నవాళ్ళకి వినపడి చావలేదు!" అంది తలుపు దగ్గరి తెర.

"నువ్వు నిద్రపోతున్నావు తోకుజో, నోర్ముయ్!" అంది ఉమెనో మామ్మ తెర.

తెరలన్నీ ఒక్కసారిగా కిసకిసలాడాయి. కోహరు మొహం చేతుల్లో దాచుకుంది. ఆ వేళ్ళ సందుల్లోంచే చూసింది. రియోజి నడవా మధ్యలోకి వెళ్ళి నిటారుగా నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. అయినా సరే, బోగీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వినపడేలా అన్నాడు.

"నాకు కోహరు అంటే ఇష్టం! ప్రాణం! మీ అందరి దయ ఉంటే పెళ్ళి చేసుకుంటాను!"

తెరలన్నీ సర్రున తెరుచుకున్నాయి. తోకుజో తాత నడుము సంగతి మర్చిపోయి పై బెర్తు నుంచి దూకాడు. సుమియె పిన్ని ఏడుస్తూ నవ్వింది. ఉమెనో మామ్మ కోహరుని దగ్గరికి లాక్కుని, మంచి పరుపు మీద పడుకోవే ఇకనైనా, అంది. రియోజి ఎక్కడని కోహరు చూసేసరికి, జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ ఆమె దగ్గరికే వస్తున్నాడు. వచ్చి ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె కూడా అందరి ముందే అతని చేయి గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళ భయమంతా పోయి, మనసు తేలికైపోయింది.

కిటికీ అవతల కిజాకి సరస్సు వచ్చింది, కొండల్ని తలకిందులు చేసి చూపించింది, వెళ్ళిపోయింది. ఆ బోగీలో ఒక్కరు కూడా అటు చూడలేదు.